గ్రీకు బిడ్డకు పేరు ఎక్కడి నుంచి వస్తుంది?

నమస్కారం. బిడ్డకు గ్రీకు పేరు కావాలని వెతికితే ఎలాంటి జాబితాలు దొరుకుతాయో చూశారా? అపోలో, అథీనా, పెర్సెఫోనీ... అన్నీ పాత గ్రీకు పురాణాల దేవతల పేర్లే, పక్కన ఒక్కో పేరుకు అర్థం. ‘గ్రీకు సంప్రదాయ నామాలు’ అని పైన శీర్షిక. అది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. గ్రీకు ఇంట్లో పేరు కోసం ముందుగా చూసేది తాత, నానమ్మల వైపు.

పద్ధతి ఇది. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు. ఆడపిల్లల విషయం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల ముందు నానమ్మ పేరు పెడతారు. కార్పథోస్ దీవిలో పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు పెట్టేవారు. తల్లి ఆస్తి కూడా ఆ పిల్లకే దక్కేది. తాత బతికి ఉన్నా ఆయన పేరు పెట్టవచ్చు. అది ఆయనకు పెద్ద సంతోషం.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ పాపాంద్రేయు కుటుంబం. కలెంట్జి అనే ఊళ్లో అంద్రేయాస్ అనే మతగురువు ఉండేవారు. ఆయన కొడుకు యోర్గోస్, 1888లో పుట్టి దేశానికి ప్రధాని అయ్యారు. యోర్గోస్ కొడుక్కి తాత పేరే, అంద్రేయాస్. 1981లో ఆయనా ప్రధాని అయ్యారు. అంద్రేయాస్ కొడుకు మళ్లీ యోర్గోస్, 2009లో ప్రధాని. ఇంటిపేరులో ఉన్నది కూడా ఆ మతగురువు అంద్రేయాసే (పాపా అంటే మతగురువు)! పైగా గ్రీకులు కాగితాల మీద తమ పేరు తర్వాత తండ్రి పేరు రాస్తారు. కాబట్టి యోర్గోస్ సంతకంలో అంద్రేయాస్, అంద్రేయాస్ సంతకంలో యోర్గోస్.

ఇది చర్చితో వచ్చిన అలవాటు కూడా కాదు. క్రీస్తుకు వందల ఏళ్ల ముందే, తత్వవేత్త అరిస్టాటిల్ తండ్రి నికోమాకస్, కొడుకూ నికోమాకస్. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ తండ్రి క్సాంథిప్పస్, పెద్ద కొడుకూ క్సాంథిప్పస్.

మరి యోర్గోస్ అనే తాతకు నలుగురు కొడుకులు ఉన్నారనుకోండి. నలుగురూ తమ పెద్ద కొడుక్కి ఆయన పేరే పెడితే, పండుగకు ఒకే ఇంట్లో నలుగురు యోర్గోస్‌లు! అందుకే ముద్దుపేర్లు: ఒకడు యోర్గిస్, ఒకడు యోర్గాకిస్. కోన్‌స్టాంటినోస్ అయితే కోస్టాస్, కోస్టిస్, డినోస్. మన ఇళ్లలోనూ మామగారి పేరు పెట్టుకున్న కొడుకును కోడలు ఆ పేరుతో పిలవలేక బుజ్జి అనో చిన్నా అనో పిలుస్తుంది కదా. కారణం వేరు, ఫలితం ఒకటే. కొడుకులు లేకపోతే? యోర్గోస్ మనవరాలు యోర్గియా అవుతుంది, దిమిత్రిస్ మనవరాలు దిమిత్ర అవుతుంది. ఈ వెసులుబాటు నాకెంతో నచ్చుతుంది. ఆడపిల్ల పుట్టినంత మాత్రాన తాత పేరు ఆగిపోదు.

సమయం దగ్గరపడుతోంది, మిగతావి త్వరగా చెబుతాను. పేరుకు ఒక పండుగ ఉంటుంది, ఆ పేరున్న క్రైస్తవ పునీతుల రోజున: యోర్గోస్‌కు ఏప్రిల్ 23, నికోస్‌కు డిసెంబర్ 6, ఎలేనికి మే 21. ఆ రోజు పిలవకపోయినా బంధువులు వస్తారు. ఆ పేరుతో పునీతులు ఎవరూ లేకపోతే పెంతెకొస్తు (ఈస్టర్ తర్వాత ఏడో ఆదివారం వచ్చే పండుగ) తర్వాతి ఆదివారం జరుపుకుంటారు.

విదేశాల్లో ఉంటే పలకడం సమస్య. కోన్‌స్టాంటినోస్ ఆస్ట్రేలియాలో కాన్ అయ్యాడు, అమెరికాలో గస్ అయ్యాడు. వాసిలిస్‌ను బిల్ అన్నారు. నా సలహా: జనన ధ్రువపత్రంలో తాత పేరు పూర్తిగా రాయించండి, బడిలో పిలవడానికి పొట్టి పేరు వాడండి.

ఇద్దరు తాతల పేర్లూ పెట్టాలని పట్టుదల ఉంటే రెండు పేర్లూ కలిపి పెట్టేవారున్నారు. ఆ నిర్ణయం మాత్రం చర్చిలో పేరు పెట్టే బాప్తిస్మానికి ముందే, రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి తీసుకోండి. ఇక అథీనా అనే పేరే కావాలంటారా? మీ నానమ్మ పేరు అథీనా అయితే నిస్సందేహంగా పెట్టండి.