నాలుగు మడతల ఫారం

యాంకర్: హలో, లైన్లో ఉన్నారా అమ్మా? రేడియో సౌండ్ కాస్త తగ్గించి మాట్లాడండి.

కాలర్: నమస్కారమండీ. మావాడు ఏడో తరగతి. లేనివాళ్ల పిల్లలకు బళ్లో భోజనం, పుస్తకాలు ఉచితమంటే ఫారం నింపి వాడికిచ్చి పంపాను. మొన్న సంచి దులిపితే అడుగున దొరికింది, నాలుగు మడతలు పెట్టి.

సలహాదారు: ఇవ్వలేదన్నమాట. ఎందుకట?

కాలర్: క్లాసులో పేర్లు చదివి లేచి నిలబడమంటారటండీ. ‘నాకు మధ్యాహ్నం ఆకలెయ్యదులే అమ్మా’ అంటాడు. బూట్లు ఇరుకై వేళ్లు ముడుచుకుని నడుస్తున్నాడు, అదీ నోరు విప్పి చెప్పలేదు. అసలు వద్దనేస్తే పోతుందేమో అనిపిస్తోంది.

సలహాదారు: వద్దనకండమ్మా. అదెవరి దయా కాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో సామాజిక భద్రత పిల్లల హక్కని రాసే ఉంది. ఫారం ఈసారి మీరే ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. హెడ్మాస్టరుగారితో విడిగా, ‘పేరు క్లాసులో చదవకండి, ఏదన్నా ఉంటే నాకు ఫోన్ చెయ్యండి’ అనండి. పిల్లలకు అదెంత నామోషీయో చాలామంది పెద్దలకు తట్టదు, అంతే.

యాంకర్: అందరికీ ఇచ్చేస్తే ఈ గొడవే ఉండదు కదండీ?

సలహాదారు: నేనూ అదే అంటాను. ఫిన్లాండ్‌లో 1948 నుంచి బడిపిల్లలందరికీ భోజనం ఉచితం. కంచం చూసి ఎవరు లేనివాళ్లో చెప్పలేం. డబ్బు సాయం సంగతీ చూడండి. అమెరికాలో 2021లో పిల్లలున్న కుటుంబాలకిచ్చే పన్ను రాయితీ పెంచి, సంపాదన లేని కుటుంబాలకూ ఆ సొమ్ము పూర్తిగా చేతికిచ్చారు. ప్రభుత్వ సాయాలను కూడా లెక్కేసే కొలత ప్రకారం పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. ఆ పెంపు ఆపేశాక, 2022లో 12.4కి ఎక్కింది. పేదరికం సోమరితనం వల్లే అంటారు కొందరు. మరి ఒక్క ఏడాదిలో ఆ తల్లిదండ్రులంతా సోమరులైపోయారంటారా?

కాలర్: ఇంకొకటండీ. ఓవర్‌టైమ్ చేస్తే ఆదాయం పరిమితి దాటుతుందని టెన్షన్.

సలహాదారు: ఒప్పుకునే ముందే కనుక్కోండి. లెక్క నెలకా, ఏడాదికా? దాటితే సాయం ఒక్కసారే పోతుందా, మెల్లగా తగ్గుతుందా? జవాబు కాగితం మీద తీసుకోండి. అన్నట్టు, ఆ ఫారం దగ్గరుందా? బూట్లకూ గడి ఉంటుంది ఒక్కోచోట.

కాలర్: ఉండండి, చూస్తాను... ఉందండీ. వెనకవైపు.