చెన్నై ప్యారీస్ కార్నర్‌లో 35 ఎంఎం

శ్రీను: అందరికీ నమస్కారం. ఇవాళ 35 ఎంఎం లెన్స్ గురించి. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8కి తగ్గించి ఫోకస్‌ని రెండున్నర మీటర్ల దగ్గర ఉంచేస్తే, రెండు నుంచి నాలుగున్నర మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. మనిషి ఎదురొచ్చినప్పుడు ఫోకస్ రింగు తిప్పే పని లేదు.

కల్యాణి: సరే, లెన్స్ అయిపోయింది. బద్రియన్ వీధి పూల అంగళ్లని నలుపు తెలుపులో ఎందుకు తీశావు?

శ్రీను: వచ్చేసింది, మింట్ స్ట్రీట్ ఫోటోలప్పటి రంగుల గొడవ!

కల్యాణి: అది వేరు, ఇది వేరు. ఫిల్టర్ లేకుండా తీస్తే ఎర్ర గులాబీ, దాని ఆకు ఇంచుమించు ఒకే బూడిద రంగులో పడతాయి. అక్కడ కూర్చున్నవాళ్ల పనంతా రంగుతోనే కదా. కనకాంబరం పక్కన మల్లె, మధ్యలో మరువం.

శ్రీను: నేను తీసింది పూలు కట్టే చేతుల్ని అక్కా. పైన టార్పాలిన్లు, కింద చీకటి. వెలుతురు చాలక 400 స్పీడు ఫిల్మ్‌ని 1600కి తోశాను, అంటే 1600 ఫిల్మ్ అనుకుని తీసి ఎక్కువసేపు కడిగాను. పైగా కడగడం ఇంట్లోనే. ఫిల్మ్ కడిగే మందు, అదే డెవలపర్, 20 డిగ్రీలుండాలి, మన కుళాయి నీళ్లు ఎండాకాలం 30 దాటుతాయి, అందుకే ఐసు...

కల్యాణి: ఐసు వద్దు శ్రీనూ, ప్లీజ్. 1966లో జైపూర్‌లో నలుపు తెలుపు ఫోటోలకి పేరున్న ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్తియే బ్రెసాన్ ఫోటోలు తీస్తుంటే మన ఫోటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ దగ్గరుండి చూశాడు. అంత అభిమానం ఉండి కూడా తను కలర్‌లోనే తీశాడు. ఎందుకో ఆలోచించు.

శ్రీను: ఆయనకి రంగు కావాలి, తీశాడు. నాకు ఆ వేళ్లు కావాలి. రంగు ఉంటే కన్ను ముందు పూల మీదికే పోతుంది.

కల్యాణి: ఆ ఫోటోలో పూలు కట్టే పెద్దావిడకి ప్రింట్ ఇచ్చావా?

శ్రీను: ఇచ్చాను. (కాసేపు ఆగి) 'ఏం పూలు నాయనా ఇవి?' అంది.

కల్యాణి: చూశావా మరి.

శ్రీను: పూర్తిగా విను. తర్వాత తన చేతుల్నే చాలాసేపు చూసుకుంది. పక్క కొట్టావిడని పిలిచి చూపించింది. తెలుగులోనే ఏదో చెప్పింది, లారీ హారన్‌లో నాకు వినపడలేదు.

కల్యాణి: ...అది బాగుంది.

శ్రీను: బాగుంది కదా.

కల్యాణి: అయినా ఆవిడ అడిగిన ప్రశ్నకి నీ ఫోటోలో జవాబు లేదు. ఆదివారం నేనూ వస్తాను, కలర్ రోల్ తెస్తాను.

శ్రీను: ఎంత స్పీడు?

కల్యాణి: 200.

శ్రీను: ఆ టార్పాలిన్ల కింద చాలదు. కడగడానికి కూడా కలర్ డెవలపర్ 38 డిగ్రీలుండాలి, అర డిగ్రీ తేడా వచ్చినా...

కల్యాణి: మన ఊరికి 20 కంటే 38 దగ్గర కదా!

శ్రీను: అక్కా, అది కడిగినంతసేపూ అలాగే నిలబడాలి కదా... ఉండు, కింద ఎవరో బెల్లు కొడుతున్నారు.