బ్రౌన్ పోగొట్టుకున్నది ఏమిటి?

శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు ఒక పాత అమెరికన్ కథ గురించి చెబుతాను. నథానియల్ హాథార్న్ రాసిన ‘యంగ్ గుడ్‌మాన్ బ్రౌన్’. 1835లో అచ్చయింది. చిన్న కథే, ఒక్క బిగిన చదివేయొచ్చు.

కథ జరిగేది మసాచుసెట్స్‌లోని సేలం ఊళ్లో, పదిహేడో శతాబ్దం చివర్లో. అది ప్యూరిటన్లు, అంటే మహా కట్టుదిట్టమైన క్రైస్తవులు, ఏలుతున్న ఊరు. పెళ్లయి మూడు నెలలైన బ్రౌన్ అనే కుర్రాడు ఒక సాయంత్రం భార్యను ఇంట్లో వదిలి అడవికి బయల్దేరతాడు. ఆమె పేరు ఫెయిత్, అంటే విశ్వాసం. టోపీకి గులాబీ రంగు రిబ్బన్లు. ఈ రాత్రికి వెళ్లొద్దని బతిమాలుతుంది. ఈ ఒక్క రాత్రే కదా, ఆ తర్వాత ఈవిడ కొంగు పట్టుకునే స్వర్గానికి పోతాను అనుకుంటాడు బ్రౌన్. అంటే చెయ్యబోయేది తప్పని తెలుసు, రేపట్నుంచి మంచివాడిగా ఉండొచ్చులే అని ముందే సర్దిచెప్పుకున్నాడన్నమాట.

అడవిలో ఒక పెద్దాయన కలుస్తాడు, చేతిలో పాములా మెలికలు తిరిగిన నల్ల కర్ర. ఆయనెవరో మీకు చెప్పక్కర్లేదు, సైతానే. మా తాతముత్తాతలెవరూ ఇలాంటి పనులకు అడవిలోకి రాలేదండీ అని బ్రౌన్ అంటే, భలేవాడివే, మీ తాత ఒక క్వేకర్ మతస్థురాలిని (ప్యూరిటన్లకు గిట్టని మరో క్రైస్తవ శాఖ మనిషిని) సేలం వీధుల్లో కొరడాతో కొట్టినప్పుడు సాయం చేసింది నేనే, మీ నాన్న ఆదివాసుల పల్లె తగలబెట్టడానికి కాగడా అందించింది కూడా నేనే అంటాడు ఆ పెద్దాయన.

ఇది ఉత్త కల్పన కాదు. హాథార్న్ వంశంలో మొదట అమెరికా వచ్చిన విలియం, క్వేకర్లను కొరడాలతో కొట్టించిన మనిషిగా చరిత్రలో మిగిలాడు. ఆయన కొడుకు జాన్ 1692లో మంత్రగత్తెల పేరుతో సేలంలో జరిగిన విచారణల్లో మేజిస్ట్రేటు. ఫలానా ఆవిడ రూపం రాత్రి వచ్చి నన్ను హింసించింది అని ఎవరైనా అంటే, ఆవిడ ఆ సమయానికి తన ఇంట్లో నిద్రపోతున్నా సరే, అది సాక్ష్యం కింద చెల్లేది. 19 మందిని ఉరి తీశారు. విచారణకు ఒప్పుకోని గైల్స్ కోరీ అనే ముసలి రైతును బండరాళ్ల కింద అదిమి చంపారు. ఆ జడ్జీల్లో శామ్యూల్ సీవాల్ అనే ఆయన 1697లో నిండు చర్చిలో లేచి నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. జాన్ మాత్రం అలా ఒప్పుకున్నట్టు ఎక్కడా లేదు. రచయిత తన ఇంటిపేరులో ఒక అక్షరం అదనంగా చేర్చుకున్నాడు, ఈ ముత్తాతల నీడ తప్పించుకోవడానికేనని చాలామంది అంటారు, కావచ్చు.

మళ్లీ కథలోకి. బ్రౌన్‌కు చిన్నప్పుడు బైబిలు పాఠాలు నేర్పిన ముసలమ్మ అదే దారిలో పోతూ కనిపిస్తుంది. ఆమెకు పెట్టిన పేరు 1692లో నిందపడ్డ ఒకావిడదే. తర్వాత చర్చి పెద్దల గొంతులు వినిపిస్తాయి. చివరికి పైనుంచి ఒక గులాబీ రిబ్బను రాలి కొమ్మకు చిక్కుకుంటుంది. నా ఫెయిత్ పోయింది అని కేకపెట్టి, పిచ్చెత్తినవాడిలా అడవంతా పరుగెత్తి సైతాను సభలో తేలతాడు. ఊరంతా అక్కడే ఉంది. కొత్తగా చేరబోయేవాళ్లలో భార్య కూడా ఉంది. స్వర్గం వైపు చూడు, సైతానును ఎదిరించు అని ఆమెకు అరిచి చెప్పేసరికి అంతా మాయం, ఒంటరిగా అడవిలో మిగులుతాడు.

కలా, నిజమా? కలే అనుకోండి, మీ ఇష్టం అని హాథార్న్ తప్పుకుంటాడు. నాకైతే అసలు కథ అక్కడే మొదలవుతుంది అనిపిస్తుంది. మర్నాడు ఊళ్లోకి వచ్చిన బ్రౌన్, ఆ ముసలమ్మ దగ్గర పాఠం చెప్పించుకుంటున్న చిన్నపిల్లను దయ్యం చేతిలోంచి లాగినట్టు లాగేస్తాడు. ఎదురొచ్చిన భార్యను పలకరించకుండా పోతాడు. ఇక జీవితాంతం అంతే.

ఇతను విశ్వాసం పోగొట్టుకున్నాడు అని మామూలుగా చెప్పేస్తారు, నాకది పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. బ్రౌన్ నాస్తికుడు కాలేదు. పాపం, నరకం అన్నీ నమ్ముతూనే ఉన్నాడు, ప్రసంగం వింటూ చర్చి కప్పు కూలుతుందేమోనని వణుకుతాడు కూడా. పోయింది మనుషుల మీద నమ్మకం. అదీ ఎలా పోయింది? రాత్రి అడవిలో కనబడ్డ రూపాలను చూసి. సేలం కోర్టు ఏ సాక్ష్యంతో మనుషుల్ని ఉరి తీసిందో సరిగ్గా అదే సాక్ష్యంతో ఇతను భార్యకు, ఊరికి శిక్ష వేశాడు, పైగా నేను అక్కడికి ఎందుకు వెళ్లాను అన్న ప్రశ్న మర్నాటి నుంచి ఒక్కసారీ వేసుకోడు. ఎదుటివాడి గుండెల్లో పాపం నాకు కనబడుతుందనే ఆ ప్యూరిటన్ ధీమాను హాథార్న్ తిట్టకుండానే ఎండగట్టాడు.

వీలైతే ఆయనదే, 1836లో వచ్చిన ‘ది మినిస్టర్స్ బ్లాక్ వెయిల్’ కూడా చదవండి. అందులో ఒక పాదిరి ఉన్నట్టుండి ముఖానికి నల్ల గుడ్డ కట్టుకుని చచ్చేదాకా తియ్యడు, చివరి ఘడియలో అందరి ముఖాల మీదా అదే గుడ్డ కనిపిస్తోందంటాడు. పాపం తనలోనూ ఉందని ఆ పాదిరి ఒప్పుకున్నాడని కొందరు మెచ్చుకుంటారు కానీ, నాకు మాత్రం ఆ పాదిరిలో కూడా కొంత బ్రౌన్ కనిపిస్తాడు.