కోనసీమకి రాయడం నేర్పింది కాలేజీ కాదండి, కువైట్!

మళ్లీ చెబుతున్నాను, తిట్టేవాళ్లు తిట్టుకోండి. కోనసీమకి రాయడం నేర్పింది కాలేజీ కాదు, కువైట్.

పోయిన వారం వీడియోలో ఈ ఒక్క ముక్క వచ్చినందుకు ఎంత రభస చేశారండీ బాబూ! చూడనివాళ్ల కోసం రెండు మాటల్లో చెప్పేస్తాను. మా వదిన, అంటే మా మేనత్త కూతురు, అమెరికాలో ఒక యూనివర్సిటీలో ప్రొఫెసర్. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకి రాయడం నేర్పుతుంది. పరాయి దేశం పోయినవాళ్లు చదవడం, రాయడం ఎలా నేర్చుకుంటారు, దాంతో ఎలా నెట్టుకొస్తారు అన్నది ఆవిడ పరిశోధన. సంక్రాంతికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశాను. “నాకు రాయడం ఏ కాలేజీలోనూ రాలేదు, కువైట్‌లో ఉన్న మా అమ్మ వల్ల వచ్చింది” అంది. అంతే, లెక్చరర్లు బయల్దేరారు. “ముప్పై ఏళ్లుగా మేం రాయించడం లేదా?” అని ఒకాయన. “అమెరికా దాకా వెళ్లి చివరికి కాంపోజిషన్ చెప్పుకుంటోందా?” అని ఇంకొకాయన.

ముందు ఈ రెండో ఆయన సంగతి చూద్దాం. ఏమండీ, కాంపోజిషన్ అంటే, అదే వ్యాసం రాయడం నేర్పడం అంటే, అంత చులకనా? హార్వర్డ్ వాళ్లు 1874లో ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వ్యాసం రాయమన్నారు. పెద్ద పెద్ద బడుల్లో చదివిన దొరబిడ్డలు, ఉగ్గుపాలతో ఇంగ్లీషు తాగినవాళ్లు, బొక్కబోర్లా పడ్డారు. 1885కల్లా కొత్తగా చేరినవాళ్లకి రాయడం మీద ఒక కోర్సే పెట్టేశారు. ఇవాళ అమెరికాలో దాదాపు ప్రతి యూనివర్సిటీలోనూ ఆ కోర్సు ఉంది. దాని మీద పీహెచ్‌డీలున్నాయి, పత్రికలున్నాయి, సంఘాలున్నాయి. అక్కడంతా పూలపాన్పు అనుకోకండి. ఆ క్లాసుల్లో చాలా భాగం మన గెస్ట్ లెక్చరర్ల లాగా సెమిస్టర్‌కి ఇంత అని తీసుకునేవాళ్లే చెబుతారు. వదిన కూడా ఆ గుమ్మాలన్నీ ఎక్కి దిగే ఈ ఉద్యోగానికి వచ్చింది.

ఆవిడ క్లాసులో ఇరవై మంది. ఒక వ్యాసం మూడు సార్లు రాయాలి. మొదటిది పక్కవాళ్లు చదువుతారు. రెండోది పట్టుకుని ఒక్కొక్కరూ ఆవిడ గదికి వచ్చి పావుగంట కూర్చోవాలి. ఎర్ర పెన్ను తియ్యదు. “ఇక్కడ నువ్వు నాకు ఏం చెబుదామనుకున్నావు?” అని అడుగుతుంది. ఆ ఒక్క మాటకి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లుంటారట.

దీని వెనక పెద్ద కథ ఉంది, పొట్టిగా చెబుతాను. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 1970లో తలుపులు బార్లా తెరిచి హైస్కూలు పాసైన పిల్లలందరికీ సీటు ఇచ్చింది. పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, వలస వచ్చిన ఇళ్ల పిల్లలు బిలబిలా వచ్చేశారు. వాళ్ల రాత చూసి ప్రొఫెసర్లు తల పట్టుకున్నారు. మినా షాగ్నెసీ అని ఒక టీచర్ మాత్రం అలాంటి నాలుగు వేల పేపర్లు ముందేసుకుని చదివింది. ఇవి బుర్రలేని తప్పులు కావు, ప్రతి తప్పు వెనకా వాడి లెక్క వాడికుంది అని 1977లో పుస్తకం రాసి చూపించింది. మన దగ్గర నాలుగు వేల పేపర్లు స్పాట్ వాల్యుయేషన్‌లో దిద్ది అవతల పడేస్తారు. చదివేదెవరండీ?

అక్కడ కాంపోజిషన్, ఇక్కడ ఇంపోజిషన్! హోంవర్క్ చెయ్యకపోతే వంద సార్లు రాయి. ఆలస్యంగా వస్తే యాభై సార్లు రాయి. ఆరో తరగతి నుంచి మనకి రాయడమంటే దెబ్బలకి బదులు వేసే శిక్ష. తర్వాత ఇంటర్‌లో ఆల్ ఇన్ వన్ చూసి బట్టీ. ఆ తర్వాత ఇంజనీరింగ్‌లో ల్యాబ్ రికార్డులు. ముప్పై ఏళ్లుగా రాయిస్తున్నానన్న సారూ, మీరు రాయించింది రికార్డే కదా? మేం ముగ్గురం ఒక రికార్డు చూసి ముగ్గురి రికార్డులూ నింపాం. మొదటివాడు తప్పు రాసిన రీడింగు మూడు పుస్తకాల్లోనూ అలాగే ఉంది, మూడింటి మీదా సంతకం పడింది. నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది.

ఇప్పుడు కువైట్ సంగతి. మాది రాజోలు దగ్గర. మా వైపు అడగండి, ఏ వీధిలో ఎన్ని ఇళ్లు గల్ఫ్ డబ్బుతో లేచాయో వేళ్ల మీద చెబుతారు. మా అత్త ఐదో తరగతి చదివి ఇంటిపనికి కువైట్ వెళ్లింది. పిల్లని మా మామ్మ దగ్గర వదిలింది. అప్పట్లో ఫోన్ అంటే ఎస్టీడీ బూత్‌లో మీటర్ చూసుకుంటూ గుండె దడదడలాడే వ్యవహారం. ఉత్తరమే దిక్కు. మామ్మకి అక్షరం రాదు. ఎనిమిదేళ్ల మా వదిన రాయాలి. రాస్తుందని తెలిశాక వీధిలో ఉన్న ఆడవాళ్లందరూ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ మా అరుగు మీదికే. ఎవరి మొగుడు మస్కట్, ఎవరి కూతురు దోహా. చిన్నపిల్లకి ఆ వీధి గుట్టంతా తెలుసు.

1995 జనవరి గుర్తుందా? పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలింది. రెండు నెలలకి పైగా మండింది. మంట మా డాబా మీదికి ఎక్కితే కనిపించేది. ఎర్రటి ఆకాశం, రాత్రంతా గుయ్యిమని ఒకటే మోత. కువైట్‌లో అత్తకి ఎవరో మీ ఊళ్లన్నీ తగలబడిపోతున్నాయని చెప్పేశారు. వెంటనే ఉత్తరం: మీరంతా బతికి ఉన్నారా అని. జవాబు వదిన రాయాలి. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టి, చూసింది చూసినట్టు రాసేసింది: రాత్రి దీపం లేకుండా ఆ వెలుగులోనే అన్నం తింటున్నామమ్మా, భయమేస్తోంది అని. పైకి చదివి వినిపించింది. మామ్మ ఊరుకుంటుందా? “ఇలా రాస్తే అక్కడ దానికి ముద్ద దిగుతుందటే? చింపెయ్యి. మళ్లీ రాయి.” రెండోసారి అంతా బాగానే ఉందని రాసింది. మామ్మ దానికీ ఒప్పుకోలేదు. “ఇలా రాస్తే అది నమ్మదు, ఏదో దాస్తున్నారనుకుంటుంది.” మూడోసారి ఏం చేసిందో తెలుసా? బొమ్మ వేసింది. ఇదిగో బావి, ఇదిగో మధ్యలో కాలవ, ఇదిగో మన కొబ్బరితోట, ఇదిగో మనిల్లు. కింద “మంట కనిపిస్తుంది కానీ వేడి తగలదు, మామ్మ పొద్దున్న సున్నుండలు చేసింది” అని రాసింది. మామ్మ తలూపింది. కవరు అతికించారు.

ఇప్పుడు చెప్పండి. ఎవరు చదువుతారో వాళ్లని మనసులో పెట్టుకుని రాయాలి, ఒకటికి రెండుసార్లు తిరగరాయాలి అని అమెరికాలో ఒక సెమిస్టర్ ఫీజు కట్టించుకుని చెబుతారు. అక్షరం ముక్క రాని మామ్మ ఒక్క పూటలో చెప్పేసింది! మూడు ప్రతులు, చూసుకోండి. వదిన క్లాసులో ఇప్పటికీ మూడే.

ఇంకా వినండి. అదే పిల్లకి తొమ్మిదో తరగతి పరీక్షలో ప్రశ్న వచ్చింది: దూరాన ఉన్న మీ తండ్రికి విహారయాత్ర కోసం ఐదు వందలు అడుగుతూ లేఖ రాయుము. మనందరం రాసినదే కదా! ఈ పిల్ల నిజం ఉత్తరం రాసింది. నాన్న లేడు కాబట్టి అమ్మకి రాసింది. అమ్మా, నీకు జీతం రెండు నెలలుగా ఇవ్వలేదని తెలుసు, కుదిరితేనే పంపు అని. ఎన్ని మార్కులు? ఐదుకి ఒకటిన్నర. “తండ్రికి” అని అడిగితే తల్లికి రాశావు, చిరునామా కుడివైపు వెయ్యలేదు, ఫార్మాట్ తప్పు. వీధి వీధంతటికీ గల్ఫ్ ఉత్తరాలు రాసిపెట్టిన పిల్లకి ఉత్తరం రాయడం రాదని మన బడి తేల్చేసింది. నాకు ఒళ్లు మండుతుందా, మండదా?

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి, నాకు భలే నచ్చింది. డెబొరా బ్రాంట్ అని అమెరికాలో ఒక ప్రొఫెసర్, విస్కాన్సిన్‌లో ఎనభై మంది మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి, మీరు రాయడం, చదవడం ఎలా నేర్చుకున్నారు అని వాళ్ల జీవితమంతా అడిగింది. ఎవరి చదువు వెనక చూసినా ఒక “స్పాన్సర్” ఉన్నాడు అంది. నేర్పేది వాడే, అదుపులో పెట్టేది వాడే, దాంతో లాభపడేదీ వాడే. స్పాన్సర్ అండీ! ఈ మాట మా కోనసీమలో ఎవరికి విడమరిచి చెప్పాలి? కఫీల్, అంటే గల్ఫ్‌లో పనిలో పెట్టుకునే యజమాని! వీసా ఇచ్చేది వాడే, పాస్‌పోర్టు లాక్కునేది వాడే. అమెరికా యూనివర్సిటీలో తొలిసారి ఆ వ్యాసం చదివినప్పుడు క్లాసులో అందరూ సిద్ధాంతం మాట్లాడుతుంటే, వదినకి మాత్రం అమ్మ గుర్తొచ్చి నవ్వాగలేదట.

అత్త దగ్గర ఇప్పటికీ ఒక నోటుబుక్కు ఉంది. నూనె మరకలు, మధ్యలో కుట్టు ఊడిపోయింది. అరబ్బీ మాటలు తెలుగు అక్షరాల్లో. తాల్ అంటే రా. రూహ్ అంటే పో. షాయ్ అంటే టీ. ఖుబుజ్ అంటే రొట్టె. ఎవరూ నేర్పలేదు, వంటింట్లో నిలబడి తనకి తానే డిక్షనరీ తయారు చేసుకుంది. అక్కడ ఇంటి యజమానురాలిని “మామా” అని పిలవాలి. అత్త ఉత్తరంలో “మామా తిట్టింది” అని రాసేది. మా మామ్మకి అర్థమయ్యేది కాదు. “మామ తిట్టింది ఏంటే, తిట్టాడు అనాలి కదా, ఇది తెలుగు కూడా మర్చిపోయిందేంటి!” అని ఏడుపు. రెండేళ్లు పట్టింది ఆ మామా ఆడమనిషని ఇంట్లో తెలియడానికి.

మరి ఇన్ని భాషలు వచ్చిన మనిషికి మన ప్రభుత్వం ఏమని ముద్ర వేస్తుంది? పదో తరగతి పాసవ్వకపోతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్. గల్ఫ్ దేశాలకి పనికి వెళ్లాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. చదువు లేని మనిషి మోసపోతుంది కాబట్టి రక్షణ అంటారు, నిజమే, కాదనను. కానీ చదువు అంటే పదో తరగతి సర్టిఫికెట్టేనా? కేట్ వియేరా అనే పరిశోధకురాలు మసాచుసెట్స్‌లో అజోరస్ దీవుల నుంచి, బ్రెజిల్ నుంచి వచ్చినవాళ్ల మధ్య తిరిగి ఇదే పట్టుకుంది: వలస మనిషికి రాత అంటే ముందు కాయితాలే. ఊళ్లో మిగిలిపోయినవాళ్లు కూడా పోయినవాళ్ల ప్రేమ కోసం, వాళ్లు పంపే డబ్బు కోసం రాయడం నేర్చుకుంటారని తర్వాత ఇంకో పుస్తకమే రాసింది. నేను అంటే తిట్టారు. ఆవిడ అంటే పరిశోధన!

అసలు ఈ గొడవ మన గడ్డ మీద వందేళ్ల కిందటే జరిగింది. 1910 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో తగాదా ఏమిటి? పిల్లలు వ్యాసం తాము మాట్లాడే తెలుగులో రాయొచ్చా, గ్రాంథికంలోనే రాయాలా అని. రాయనివ్వండి అన్నది గిడుగు రామమూర్తి పంతులు గారు. వద్దన్న పక్షానికి పెద్ద జయంతి రామయ్య పంతులు గారు, మన కోనసీమ ఆయనే. 1919లో వీరేశలింగం గారు అధ్యక్షుడిగా రాజమండ్రిలో వ్యావహారికం కోసం సమాజమే పెట్టారు. అమెరికాలో కాలేజీ రాత టీచర్ల సంఘం, పిల్లలకి తమ సొంత భాష మీద హక్కుంది అని తీర్మానం చేసింది ఎప్పుడు? 1974లో! గిడుగు ఆ మాట వాళ్లకంటే యాభై ఏళ్లు ముందే అన్నాడు. మనం ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి, సాయంత్రం పిల్లాడి చేత గైడులో వ్యాసం బట్టీ పట్టిస్తున్నాం.

నా లెక్క ఏమిటంటే, పేపర్ దిద్దేవాడి కోసం రాసినంత కాలం ఎవడికీ రాయడం రాదు. అవతల ఒక మనిషి ఎదురు చూడాలి. కువైట్‌లో ఎదురు చూశారు కాబట్టి రాజోలులో రాత వచ్చింది. సిద్ధాంతం కాదంటారా, మీ దగ్గరున్నది తీసుకురండి.

ఇప్పుడు చూడండి. బీటెక్ అయ్యాక కాకినాడలోనో భీమవరంలోనో కన్సల్టెన్సీకి వెళ్తాం. ఎస్‌ఓపీ, అంటే అమెరికా యూనివర్సిటీకి మన గురించి మనం రాసి పంపే వ్యాసం, వాళ్లే రాసిస్తారు. చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ప్రాణం, అందరిదీ అదే మొదటి వాక్యం. నీ గురించి నువ్వు రాసుకోవాల్సిన రెండు పేజీలు, అది కూడా డబ్బిచ్చి రాయించాం. అక్కడ దిగాక టర్మ్ పేపర్ అంటే టెన్షన్. సరే, కష్టపడి సొంతంగా రాసినా, ఏఐ రాసిందో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలు, అన్నీ మనుషులు రాసినవే, అలాంటి ఏడు సాఫ్ట్‌వేర్లకి ఇచ్చి చూశారు. సగటున 61 శాతం మెషిన్ రాసిందని తేల్చాయి! ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు ఆచితూచి, తెలిసిన నాలుగు మాటలతో రాస్తారు కదా, అదే నేరమైంది.

చివరిగా ఒకటి, ఇది అత్త పర్మిషన్ తీసుకునే చెబుతున్నాను. వదిన ఈసారి వచ్చింది అమ్మని ఇంటర్వ్యూ చెయ్యడానికే. యూనివర్సిటీ రూలు ప్రకారం ముందు అంగీకార పత్రం మీద సంతకం కావాలి. మూడు పేజీల ఇంగ్లీషు. “నువ్వు నా కూతురివే, నీకెందుకే కాయితం?” అంది అత్త. “రూలమ్మా, ఇక్కడ పెట్టేయ్ చాలు” అని పెన్ను ఇచ్చింది ప్రొఫెసర్ గారు.

అత్త పెన్ను పక్కన పెట్టేసింది. “ఇక్కడ పెట్టేయ్ చాలు అని నన్ను కువైట్ పంపిన ఏజెంటు కూడా అన్నాడే. చదువు. ఒక్కొక్క లైనూ తెలుగులో చెప్పు.”

గంటన్నర పట్టింది. మధ్యలో రెండు చోట్ల ఆపి, “ఇది నాకు తెలియట్లేదు, వేరేగా చెప్పు” అంది. ఆ రెండు లైన్లూ వదిన కొట్టేసి, పక్కనే తెలుగులో తిరిగి రాసింది. అప్పుడు అత్త కళ్లజోడు తుడుచుకుని సంతకం పెట్టింది.