పురి కలిసే చోట

(అనంతపురంలో భౌతికశాస్త్ర విద్యార్థులకు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ద్రవస్ఫటికం (ద్రవంలా పారుతూనే, స్ఫటికంలోలా అణువులు కొంత వరుసగా ఉండే పదార్థం) అనగానే టీవీ స్క్రీన్ గుర్తొస్తుంది. ఈరోజు దాని జోలికి పోను. రెండు ద్రవస్ఫటికాలను కలిపితే ఏమవుతుందో చెబుతాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న అదే.

1888లో ప్రాగ్‌లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడి చేశాడు. అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసకగా నిలిచింది, 178.5 దగ్గర తేటపడింది. ఆ మసక దశలో అణువులు తాడు పురిలా మెలి తిరిగి ఉంటాయి. అణువు కైరల్ కావడమే అందుకు కారణం, అంటే ఎడమ చేయి, కుడి చేయిలా, అది దాని అద్దపు ప్రతిబింబంతో సరిగ్గా ఒకదానిమీద ఒకటి అమరదు. ఒక పూర్తి చుట్టు పొడవే పిచ్. అది కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉంటే, ఏ రంగూ కలపకుండానే పదార్థం రంగులీనుతుంది.

ఇక మిశ్రమం. కొలెస్టెరిల్ క్లోరైడ్‌ది కుడి పురి, కొలెస్టెరిల్ మిరిస్టేట్‌ది ఎడమ పురి. బరువులో 1.75కి 1 పాళ్లలో కలిపితే, సుమారు 40 డిగ్రీల దగ్గర మెలి పూర్తిగా విప్పుకుంటుంది. మే నెలలో మన ఊరి మధ్యాహ్నపు వేడి అంతే కదా! అక్కడి నుంచి చల్లబరిస్తే ఒకవైపు, వేడి చేస్తే రెండోవైపు పురి తిరుగుతుంది. అణువులు మాత్రం మారలేదు, ప్రతి ఒక్కటీ ఇంకా కైరలే. ఒకే అణువు కుడి, ఎడమ రూపాలను సగం సగం కలిపితే ఏ వేడిలోనైనా మెలి ఉండదు. ఇక్కడివి వేర్వేరు పదార్థాలు, వేడితో వాటి బలాలు వేర్వేరుగా మారతాయి. అందుకే సమతూకం ఒక్క ఉష్ణోగ్రత దగ్గరే కుదురుతుంది. సగటు తీసి మిశ్రమాన్ని ఊహించలేమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

పురి బిగువుగా ఉన్న పదార్థాల్లో, తేటపడే ముందు ఒకటి రెండు డిగ్రీల మేర బ్లూ ఫేజ్ (మెలి ఒక్క దిశలో కాక అనేక దిశల్లో తిరిగే దశ) కనిపిస్తుంది. మెలి సడలిన మిశ్రమంలో అది మాయమవుతుంది. తొందరగా వేడి చేస్తే ఉన్నది కూడా చూడలేం.

మీరే చూడొచ్చు. గాజు పలక మీద క్లోరైడ్, మిరిస్టేట్ రెండింటినీ పక్కపక్కన కరిగించి, అంచులు తాకనివ్వండి. అవి ఒకదానిలోకి ఒకటి పాకి, అన్ని పాళ్లూ ఒకే వరుసలో ఏర్పడతాయి. పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద, హాట్ స్టేజ్ (వేడిని అదుపు చేసే పీఠం) మీద నెమ్మదిగా వేడి పెంచండి. రెండు మెలికల దశల మధ్య మెలి లేని నెమాటిక్ పట్టీ కనిపిస్తుంది. వేడి మారినప్పుడు ఆ పట్టీ ఎటు జరుగుతుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. అవే మీ ఫేజ్ డయాగ్రాంకు, అంటే ఏ పాళ్లలో, ఏ వేడి దగ్గర ఏ దశ ఉంటుందో చూపే పటానికి, మొదటి బిందువులు.