మట్టిలోంచి వచ్చిన మొండిఘటం: రిపోర్టులో మూడు బిళ్లలు

ముందు మూడు బిళ్లల సంగతి చెప్తాను. క్రిమి పేరు తర్వాత.

ల్యాబులో బ్యాక్టీరియా పెంచిన ప్లేటు మీద యాంటీబయాటిక్ పట్టించిన చిన్న కాగితం బిళ్లలు పెడతారు. డిస్కులు అంటారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ మొలవకుండా గుండ్రంగా ఖాళీ వస్తుంది. పనిచెయ్యకపోతే క్రిమి బిళ్ల అంచుదాకా పెరిగిపోతుంది. రిపోర్టులో ఎస్ (లొంగింది) అనీ ఆర్ (లొంగలేదు) అనీ ఉండేది ఇదే.

ఇప్పుడు ఒక ప్లేటు చూద్దాం. జెంటామైసిన్, ఆర్. కొలిస్టిన్, అదీ ఆర్. ఐసీయూలో అన్ని మందులూ చేతులెత్తేశాక ఆఖర్న తీసేది కొలిస్టిన్, దానికీ లొంగలేదు. పక్కనే కో-అమాక్సిక్లావ్, మెడికల్ షాపులో పంటినొప్పికి కూడా అడిగి తెచ్చుకునే మందు. దాని చుట్టూ మాత్రం శుభ్రంగా ఖాళీ! ఏనుగుకి బెదరనివాడు ఎలకని చూసి పారిపోయినట్టుంది కదా?

ఏదో కలుషితమైందిలే అని చాలాచోట్ల ఆ ప్లేటు పక్కన పడేస్తారు. నా బాధంతా అక్కడే. ఆ తలకిందుల రిపోర్టే ఈ క్రిమి వేలిముద్ర. పేరు బర్ఖోల్డేరియా సూడోమల్లై, జబ్బు మెలియాయిడోసిస్.

2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరసగా మనుషులు చనిపోతుంటే ఈ పేరు మన టీవీల్లో మోగింది. ఆ మరణాలన్నిటికీ ఇదే కారణమని నేను అనడం లేదు, అప్పుడు వినిపించింది అనుమానం. కానీ క్రిమి కొత్తది కాదండీ. 1911లోనే రంగూన్‌లో విట్మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు శవపరీక్షల్లో దీన్ని పట్టుకున్నారు. మన కోస్తా నుంచి కూలికి ఓడలెక్కి వెళ్లినవాళ్లతో నిండిన రంగూన్ అది.

ఇది ఉండేది తడిమట్టిలో, వరిమళ్లలో. కాలికి తగిలిన గీత చాలు, లోపలికి వస్తుంది. గాలివానల్లో ఊపిరితో కూడా వస్తుంది. ఎక్కువగా దొరికిపోయేది షుగరు ఉన్నవాళ్లు. న్యుమోనియాలా వస్తుంది, కాలేయంలో చీముగడ్డలా వస్తుంది, టీబీలా నటిస్తుంది.

ఇక జన్యువులు. 2004లో థాయిలాండ్ రోగి నుంచి తీసిన ఒక రకానికి పూర్తి జన్యుక్రమం రాశారు. సుమారు 72 లక్షల డీఎన్ఏ అక్షరాలు! టీబీ క్రిమికి 44 లక్షలే. పైగా ఇది రెండు క్రోమోజోములుగా ఉంటుంది. పెద్దదాంట్లో ఎక్కువగా ఇంటి పనులు, అంటే తినడం, పెరగడం, రెట్టింపవడం. చిన్నదాంట్లో ఎక్కువగా కొత్తచోట బతకడానికి కావలసిన సరంజామా.

జెంటామైసిన్ ఎందుకు పనిచెయ్యదు? లోపలికొచ్చిన మందుని వచ్చినట్టే బయటికి తోడేసే పంపు ఉంది దీనికి. పడవలో నీళ్లు తోడి పోసినట్టే. మలేసియాలోని సరవాక్‌లో ఈ పంపు జన్యువులో ఒక్క మార్పు వచ్చిన రకాలు దొరికాయి. అవి జెంటామైసిన్‌కి చచ్చిపోతాయి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఈ క్రిమిని పట్టడానికి ప్లేటులో పోసే మేత, ఆష్‌డౌన్ మీడియం అంటారు, అందులో మిగతావి పెరక్కుండా, జెంటామైసిన్ కలుపుతారు. అంటే సరవాక్ రకం ఆ ప్లేటు మీద మొలవదు. వలే చేపని తరిమేసిందన్నమాట.

కొలిస్టిన్ సంగతి వేరు. అది అతుక్కోవలసిన పైపొరలో విద్యుదావేశాన్నే ఈ క్రిమి మార్చుకుంది. మందుకి పట్టు దొరకదు.

నాకు ఎప్పుడూ తమాషాగా అనిపించేది ఒకటి చెప్పనా? జెంటామైసిన్ ఎక్కడ పుట్టింది? మట్టి బ్యాక్టీరియాలో. కొలిస్టిన్? అదీ మట్టి బ్యాక్టీరియాలోనే. ఇరుగుపొరుగు విసిరే రాళ్లకి మన క్రిమి ఎప్పుడో కవచం కట్టుకున్నట్టుంది, ఆస్పత్రి మొహం చూడకముందే. అయితే కో-అమాక్సిక్లావ్‌లోని క్లావులానేట్ కూడా మట్టి క్రిమి ఇచ్చిందే, దానికి మాత్రం లొంగుతుంది. కాబట్టి నా సిద్ధాంతానికి చిల్లు నేనే చూపించాను, కామెంట్లలో మీరు చూపించక్కర్లేదు!

మందులు లేకపోలేదు. 1989లో అచ్చైన ఒక థాయిలాండ్ అధ్యయనంలో సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ వాడి చూశారు. పాత మందులతో 100 మందిలో 74 మంది పోయేచోట మరణాలు 37కి దిగాయి. ఇప్పుడు సెఫ్టాజిడిమ్ గాని మెరోపెనెమ్ గాని కనీసం 10 నుంచి 14 రోజులు ఇంజెక్షన్లుగా ఇస్తారు. తర్వాత కోట్రైమాక్సజోల్ మాత్రలు 3 నెలలు, ఆ పైన కూడా. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే మళ్లీ లేస్తుంది.

చికిత్స మధ్యలో క్రిమి వేషం మార్చడం కూడా ఉంది. పెన్‌-ఏ అనే, మందుని ముక్కలు చేసే ఎంజైములో ఒక్క అమైనో ఆమ్లం (ప్రొటీను గొలుసులో ఒక పూస) మారితే సెఫ్టాజిడిమ్‌ని తట్టుకుంటుంది. ఇంకొన్ని మరీ ఘోరం. సెఫ్టాజిడిమ్ దాడి చేసే ప్రొటీను జన్యువునే పారేసుకుంటాయి. అలాంటివి మామూలు ప్లేట్ల మీద సరిగా పెరగను కూడా పెరగవు. రోగికి జ్వరం, కల్చర్ రిపోర్టులో మాత్రం ఏమీ లేదు.

ల్యాబుల్లో పనిచేసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. షుగరు ఉన్న మనిషి, రక్తంలోనో చీములోనో ఆక్సిడేజ్ పాజిటివ్ గ్రామ్ నెగెటివ్ కడ్డీలు (ల్యాబు పరీక్షల్లో అలా తేలే కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా), ఆ మూడు బిళ్లలూ తలకిందులు. అప్పుడు 'సూడోమోనాస్' అని వేరే క్రిమి పేరు రాసేసి పంపకండి, మీ మైక్రోబయాలజిస్టుని పిలవండి. ఈ క్రిమికి తడిమట్టి వాసన ఉంటుందని ఎవరో చెప్పి ఉంటారు, నిజమే. అయినా సరే, ఆ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోకండి.