హంతకుడి పేరు చెప్పలేని దయ్యం: పుస్తకాల కొట్టు మిస్టరీ సిరీస్ రివ్యూ

నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియోలో 'హాంటెడ్ బుక్‌షాప్ మిస్టరీస్' అనే ఇంగ్లీషు నవలల వరుసను మీకు పరిచయం చేస్తాను. చనిపోయిన ఒక డిటెక్టివ్ మాటలు వినగలిగే పుస్తకాల కొట్టు యజమానురాలు, ఆ దయ్యం తోడుగా హత్యల చిక్కుముడులు విప్పడం ఇందులోని కథ. దయ్యం, హత్య, హాస్యం అనే మూడింటినీ ఒకే నవలలో ఇమడ్చడం కష్టమైన పని. దాన్ని ఈ రచయితలు ఎంత శ్రద్ధగా చేశారో చెప్పాలన్నదే నా కోరిక. మొదటి పుస్తకంలోని ఆరంభ సన్నివేశాలను మాత్రమే చెబుతాను. హంతకులెవరో ఎక్కడా బయటపెట్టను కనుక, ఇంకా చదవనివారు కూడా నిశ్చింతగా వినవచ్చు.

ఈ సిరీస్ ఆలిస్ కింబర్లీ అనే కలం పేరుతో మొదలైంది. ఆ పేరు వెనుక ఉన్నవారు ఆలిస్ ఆల్ఫోన్సీ, మార్క్ సెరాసినీ అనే భార్యాభర్తలు. వీరే క్లియో కోయిల్ అనే మరో కలం పేరుతో కాఫీ దుకాణం నేపథ్యంగా ఇంకో మిస్టరీ సిరీస్ కూడా రాస్తున్నారు. మొదటి నవల 'ది ఘోస్ట్ అండ్ మిసెస్ మెక్‌క్లూర్' 2004లో వెలువడింది.

కథ జరిగేది అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, క్విండికాట్ అనే కల్పిత పట్టణంలో. భర్తను పోగొట్టుకున్న పెనెలోపీ, న్యూయార్క్ విడిచి, చిన్నవాడైన కొడుకు స్పెన్సర్‌ను వెంటబెట్టుకుని తన మేనత్త సేడీ దగ్గరికి వస్తుంది. మేనత్త నడుపుతున్న పాత పుస్తకాల కొట్టు అప్పటికి మూతపడే స్థితిలో ఉంటుంది. పెనెలోపీ తన దగ్గరున్న డబ్బు పెట్టి దాన్ని నిలబెట్టడానికి పూనుకుంటుంది. ఒక పేరున్న డిటెక్టివ్ నవలా రచయితను కొట్టుకు ఆహ్వానించి సభ ఏర్పాటు చేస్తే, ఆయన అందరి ముందూ మాట్లాడుతూ మాట్లాడుతూనే ప్రాణాలు విడుస్తాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు తన తలలో ఒక మగ గొంతు వినిపించడం మొదలవుతుంది. అది 1949లో అదే భవనంలో తుపాకీ కాల్పులకు బలైన జాక్ షెపర్డ్ అనే ప్రైవేటు డిటెక్టివ్ గొంతు.

ఇక్కడ ఒక ముఖ్యమైన ప్రశ్న ఉంది. దయ్యమే పక్కన ఉన్నప్పుడు హంతకుడెవరో దాన్నే అడిగితే సరిపోదా? అలా అడగగలిగితే పరిశోధనకు చోటుండదు, పాఠకుడు ఊహించడానికి ఏమీ మిగలదు. అందుకే 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత, డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాసినప్పుడు, మానవాతీత శక్తులకు కథలో చోటు ఇవ్వకూడదని రెండో నియమంలోనే తేల్చిచెప్పాడు. ఆయన మతాచార్యుడు కూడా. పరలోకాన్ని నమ్మే మనిషే పరలోకాన్ని డిటెక్టివ్ కథ నుంచి బయట పెట్టాడంటే, పాఠకుడికి న్యాయం జరగాలన్న పట్టుదల ఆయనకు ఎంత ఉండేదో ఊహించవచ్చు.

ఈ సిరీస్ ఆ నియమాన్ని పైకి ఉల్లంఘిస్తుంది గానీ, దాని వెనుక ఉన్న న్యాయాన్ని మాత్రం ఎక్కడా జారవిడవదు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. జాక్ సర్వజ్ఞుడు కాడు. తనను కాల్చినది ఎవరో కూడా అతనికి తెలియదు. కొత్తగా జరిగిన హత్య గురించి అతనికి తెలిసినదంతా పెనెలోపీ కళ్లతో చూసినదీ, కొట్టులో తాను విన్నదీ మాత్రమే. అతడు ఆ భవనాన్ని దాటి వెళ్లలేడు. అతని కాలం నాటి బఫెలో నికెల్ అనే అయిదు సెంట్ల నాణేన్ని, 1913 నుంచి 1938 వరకు అమెరికాలో ముద్రించిన ఆ నాణేన్ని, పెనెలోపీ తన చేతిసంచిలో పెట్టుకుని వెళ్తే మాత్రమే ఆమె వెంట బయటికి రాగలడు. సాక్షిని తానే ప్రశ్నించలేడు. అతని దగ్గర ఉన్నది అనుభవం ఒక్కటే. ఎవరు అబద్ధమాడుతున్నారో ఎలా కనిపెట్టాలి, ఏ ప్రశ్న ముందు అడగాలి, ఏది చివరికి దాచుకోవాలి అన్నవి అతడు నేర్పుతాడు. నేర్చుకుని, భయపడుతూనే ముందుకు వెళ్లవలసింది ఆమె. పైగా దయ్యం చెప్పిందని పోలీసుల ముందు నోరు విప్పలేదు కనుక, ప్రతి అనుమానానికీ చేతికి చిక్కే ఆధారాన్ని ఆమే వెతికి తేవాలి.

మన కథలు కూడా ఈ మర్యాదను ఎప్పటినుంచో పాటిస్తున్నాయి. బేతాళుడికి కథంతా తెలుసు, అయినా తీర్పు చెప్పవలసిన బాధ్యత శవాన్ని మోసే విక్రమార్కుడిదే. మా ఊరి తాతయ్యగుంట గంగమ్మ కథ నాకు ఇంకా దగ్గరగా తోస్తుంది. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడు అమ్మవారి విశ్వరూపాన్ని చూసి పారిపోయి దాక్కుంటే, ఆమె దివ్యదృష్టితో అతని చోటు చూసి వెళ్లలేదు. బైరాగిగా, బండగా, తోటిగా రోజుకొక వేషం కట్టి ఊరంతా గాలించింది. చివరికి దొర వేషంలో వస్తే, దొరగారే వచ్చారనుకుని మొక్కడానికి వాడు తనంతట తానే బయటపడ్డాడు. శక్తి ఎంత ఉన్నా వెతుకులాట తప్పదని, ఎరవేసి పట్టాలని ఆ కథ కట్టినవారికి తెలుసు. ఏటా మే నెలలో జరిగే ఆ జాతరలో భక్తులు కట్టే వేషాలు చూస్తే, భయభక్తులూ నవ్వులూ బూతులూ ఒకే వీధిలో కలిసి నడుస్తాయి. అలాంటి ఊరి పాఠకులకు దయ్యంతో హాస్యమాడే నవల కొత్తగా అనిపించదని నా నమ్మకం.

హాస్యం విషయానికి వస్తే, ఇది దయ్యాన్ని చూసి జనం పరుగులు తీయడం వల్ల పుట్టే హాస్యం కాదు. ఇద్దరు మనుషుల కాలాలు వేరు కావడం వల్ల పుట్టేది. జాక్ 1940ల నాటి న్యూయార్క్ వీధుల్లో తిరిగిన మొరటు మనిషి. స్త్రీలను సంబోధించే తీరు, గొడవను పిడికిలితో తేల్చాలనే తొందర, కొత్త వస్తువులపై విసుగు అన్నీ ఆ కాలానివే. పెనెలోపీ మృదువుగా మాట్లాడే మనిషి, ఊరి మాటకు భయపడే మనిషి. అతడు తలలో ఒక మాట అంటాడు, ఆమె పొరపాటున పైకే జవాబిస్తుంది, ఎదుట నిలబడ్డ కొనుగోలుదారు విస్తుపోతాడు. ఈ ఉపాయాన్ని రచయితలు పదే పదే వాడినా అది చాలావరకు విసుగు పుట్టించదు, ఎందుకంటే ప్రతిసారీ ఆమె ధైర్యం ఒక అడుగు పెరగడం కనిపిస్తుంది. మొదటి పుస్తకంలో తనకు మతి చలించిందేమోనని వణికిన స్త్రీ, తరువాతి పుస్తకాల్లో అదే గొంతుతో దీటుగా వాదిస్తుంది. జాక్ మొరటుతనాన్ని రచయితలు గొప్పగా చూపకుండా, దానికి ఆమెచేత సమాధానం చెప్పించడం నాకు ఎంతో గౌరవం కలిగించింది.

పుస్తకాలన్నిటిలో నా మనసుకు హత్తుకున్నది మూడవది, 2006లో వచ్చిన 'ది ఘోస్ట్ అండ్ ది డెడ్ మ్యాన్స్ లైబ్రరీ'. అమెరికన్ రచయిత ఎడ్గార్ ఆలన్ పో రచనల అరుదైన సంపుటాలు కొట్టుకు చేరడం, వాటిలో ఏదో రహస్యం దాగి ఉందన్న ప్రచారం, వాటిని కోరినవారి చుట్టూ మరణాలు, ఇదీ అందులోని ఇతివృత్తం. 1841లో అచ్చైన పో కథనే తొలి ఆధునిక డిటెక్టివ్ కథగా చాలామంది లెక్కిస్తారు కనుక, డిటెక్టివ్ సాహిత్యం తన పుట్టింటికి వెళ్లి వచ్చినట్లుగా ఈ నవల సాగుతుంది. పాత పుస్తకం అట్టనూ, ముద్రణనూ, అంతకు ముందు యజమానులనూ పరిశీలించి విలువ కట్టే పద్ధతులను ఇందులో ఓపికగా చెప్పారు. పాత పుస్తకాల కొట్లలో గంటలు గడిపేవారికి ఈ పేజీలు పండుగే. 2008 నాటి నాలుగవ నవల పాత నేర చిత్రాల ఉత్సవం చుట్టూ తిరుగుతుంది, అదీ బాగుంటుంది. 2009లో వచ్చిన అయిదవ దానిలో, టీవీ క్విజ్ పోటీలో గెలిచిన పోస్ట్‌మ్యాన్ సీమోర్‌కు ఒక భవంతి వారసత్వంగా దక్కుతుంది. సీమోర్ కోసమైనా దాన్ని చదవవచ్చు.

లోపాలు లేవని చెప్పను. రెండవ పుస్తకం నుంచి జాక్ ఆమెను కలలో తన కాలానికి తీసుకువెళ్లి ఒక పాత కేసును చూపిస్తుంటాడు. కల బాగా కుదిరినచోట నేటి కేసుపై వెలుగు పడుతుంది, కుదరనిచోట మాత్రం రెండు కథలు ఒకదానికొకటి అడ్డుపడి వేగం తగ్గుతుంది. పోలీసు అధికారిని మరీ మందబుద్ధిగా చూపడం కూడా నాకు రుచించలేదు. ఆయన కాస్త తెలివైనవాడైతే పెనెలోపీ విజయం మరింత నిండుగా ఉండేది. చిన్న ఊళ్లో ఇన్ని హత్యలు ఎలా జరుగుతాయన్న సందేహం ఈ తరహా నవలలన్నిటికీ వర్తిస్తుంది కనుక దానిపై ఎక్కువసేపు నిలవను.

ఇంగ్లీషు నవలలు చదవడం కొత్తగా మొదలుపెట్టినవారికి ఒక మాట. జాక్ మాట్లాడే 1940ల నాటి వీధి భాష మొదట్లో అడ్డుపడుతుంది. ప్రతి మాటకూ నిఘంటువు వెతకకుండా సాగిపోతే, కొన్ని అధ్యాయాల తరువాత సందర్భమే అర్థం చెబుతుంది. హింసను కళ్లకు కట్టేలా వర్ణించరు కాబట్టి కాలేజీలో చేరిన పిల్లలకు కూడా ఇవ్వవచ్చు. కానీ పెనెలోపీ భర్త ఆత్మహత్య ప్రస్తావన మొదటి పుస్తకంలోనే ఉంది, ఇచ్చేముందు పెద్దలు ఆ సంగతి గమనించాలి. ప్రతి హత్యా ఆ పుస్తకంలోనే తేలిపోయినా, పెనెలోపీ, జాక్‌ల మధ్య స్నేహం వరుసగా చదివితేనే అర్థమవుతుంది కనుక మొదటి దానితోనే ఆరంభించండి. అయిదవ నవలకూ 2018లో వచ్చిన ఆరవ నవలకూ మధ్య తొమ్మిదేళ్ల విరామం ఉంది. అందువల్ల మొదటి అయిదూ చదివి, కొంతకాలం ఆగి, తరువాత ఆరవది తీసుకున్నా కథకు నష్టం రాదు.